హావ్ ధాత్వర్థ విచారము

ఒక భాషలోని ధాతువునకు వేఱొక భాషలోని యొక్క ధాతువునే యర్థముగాఁ జూపుట నిఘంటుకారులకుఁ దప్పనిపని. ఆ యొక్కదానినే యన్ని తావులఁ బ్రయోగింపఁజేయుట మాత్రము బోధకులకుఁ దగనిపని. ఇంగ్లీషునందు మిక్కిలి వ్యాప్తిగల క్రియలలో 'హావ్' అనునది యొకటి. దీనికి 'కలిగియుండు' అని యర్థము చెప్పుట మన పాఠశాలలయందుఁ బరిపాటి. ఈ యొక్క యర్థమువలన బాలుని యింగ్లీషును జెడుచున్నది, తెలుఁగును జెడుచున్నది. ఆ చెఱు పెట్లు కలుగుచున్నదో, దానికి మందు తెలుఁగు వ్యాకరణముననే యెట్లున్నదో నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

నిజామాబాదు జిల్లాలోని ఏర్గట్లను దృష్టాంతముగాఁ గొందము. 2016లో జిల్లాల పునర్విభాగము జరిగినప్పు డది మండలకేంద్రమయ్యెను. చుట్టునుగల సీమలోఁ బసుపు పేరుగన్న పంట. అచ్చటి రైతుబిడ్డ యింటిలో 'నాకు ఇద్దరన్నలున్నరు' అనును. 'నా తాన పైసలున్నయి' అనును. 'నాకు జరమొచ్చింది' అనును. 'తాన' యనఁగా 'వద్ద' యని యర్థము. ఈ మూఁడు వాక్యములును మూఁడు తీరులవి. మొదటిది బంధుత్వమును, రెండవది చేతనున్న ద్రవ్యమును, మూఁడవది దేహమునకు వచ్చిన యవస్థను దెలుపును. బాలుఁడు పుట్టినది మొదలు వీనిని గలపక పలుకుచున్నాఁడు. ఇంగ్లీషున మూఁటికిని 'హావ్' ఒక్కటియే.

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మొదటి తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. ఒక పుట తెలుఁగును దాని కెదురుపుట యింగ్లీషునుగాఁ బాఠ్యపుస్తకములు ముద్రింపఁబడినవి. రెండు భాష లెదురెదురుగా నిలిచినప్పుడు నడుమనుండు అర్థము సరియైనది కావలయును. 'కలిగియుండు' అను నర్థమును బట్టుకొన్న బాలుఁడు 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అని వ్రాయును. దానినే మరలఁ దెలిఁగించి 'నేను ఇద్దరు సోదరులను కలిగియున్నాను' అనును. మొదటిది యింగ్లీషు గాదు. రెండవది తెలుఁగు గాదు. ఇంట నతఁ డాడిన వాక్యమందు దోష మేమియు లేకుండెను. బడిలో నేర్చిన యర్థమే యీ రెండు దోషములకును మూలము.

ధాతుస్వరూపము

'హావ్' అనునది వర్తమానమున హావ్, హాజ్ అనియు, భూతమున హాడ్ అనియు రూపములను బొందును. జర్మనుభాషలోని 'హాబెన్' దీనికి సోదరము. ఈ ధాతువునకుఁ బ్రాచీనార్థము పట్టుట, గ్రహించుట. లాటినుభాషలోఁ బట్టుకొను నర్థముగల 'కాపియో' యను క్రియ దీనికి సజాతీయమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అదే లాటినులో 'కలిగియుండు' నర్థమునఁ గానవచ్చు 'హాబేఓ' రూపమున 'హావ్'ను బోలియున్నను వేఱు ధాతువునుండి పుట్టినది. ధ్వనిసామ్యమాత్రముచే సంబంధమును జెప్పరాదనుట కిది మంచి నిదర్శనము.

పట్టుకొన్నది చేతిలో నుండును; చేతిలోనున్నది తనదగును. ఈ క్రమమున గ్రహణార్థము స్వామ్యార్థముగా మాఱెను. అర్థము మాఱినను వాక్యపుఁబొందిక మాఱలేదు. పట్టువాఁడు కర్తగను బట్టఁబడునది కర్మముగను నున్నట్లే, స్వామి కర్తగను, సొత్తు కర్మముగను నిలిచిపోయినవి. కావున నింగ్లీషువాఁడు కుమారుని, కొమ్ములను, జ్వరమును గూడ 'పట్టుకొన్నవాని'వలెఁ బలుకును.

సంస్కృతాంధ్రముల మార్గము

సంస్కృతమున సామాన్యమార్గ మిందులకు విపరీతము. అందు 'మమ పుత్రోఽస్తి' యనియే నిసర్గవాక్యము. పుత్రుఁడు కర్త, 'అస్తి' సత్తార్థకమైన క్రియ, స్వామి షష్ఠ్యంతము. పాణిని శేషార్థమున షష్ఠిని విధించెను. స్వస్వామిభావము, జన్యజనకభావము, అవయవావయవిభావము మొదలగు సంబంధములన్నియు నందే యడఁగునని వ్యాఖ్యాతలు వివరించిరి. ఇంతేకాక యష్టాధ్యాయిలో నయిదవ యధ్యాయము రెండవపాదమున మతుప్ప్రత్యయమును విధించుచు, ఒకటి యొకనికిఁ గలదనుట, ఒకదానియందుఁ గలదనుట యను రెండర్థములను జెప్పెను. ధనవాన్, గోమాన్ అను శబ్దము లిట్లేర్పడినవి. అనఁగా 'హావ్' అను క్రియచే నింగ్లీషువారు సాధించుదానిని సంస్కృతము విభక్తిచేతను దద్ధితముచేతను సాధించినది.

తెలుఁగుమార్గ మిదియే. 'రైతునకు భూమి కలదు' అనునప్పుడు భూమియే కర్త. 'రైతునకుఁ గొడుకు కలఁడు, ఆవు కలదు, ఎద్దులు కలవు, కూలివాండ్రు కలరు' అని క్రియ సొత్తు ననుసరించి మాఱుచున్నది గాని రైతు ననుసరించుటలేదు. ఇంగ్లీషున నన్నింటను 'ది ఫార్మర్ హాజ్' అనియే యుండును. ఏలనన నందు రైతు కర్త. ఇచ్చట నొక విశేషము గలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి 'కిన్, కున్' అను ప్రత్యయములను జతుర్థియందుఁ గాక షష్ఠియందుఁ జేర్చెను. కొందఱు దీని నాక్షేపింతురు. 'నాకుఁ గొడుకు కలఁడు' అను వాక్యమును 'మమ పుత్రోఽస్తి' యను దానితోఁ బోల్చి చూచినవారికి సూరి యభిప్రాయము తేటపడును.

'కల' ధాతువున కర్థ ముండుటయే. 'నేను కలను' అన్నచో నేనున్నానని యర్థమగునే కాని నాకేదో యున్నదని యర్థము కాదు. 'కలుగు' అనఁగాఁ బుట్టుట, సంభవించుట. ఇవి రెండు నకర్మకములు. మతుప్పునకు సరియైన తెలుఁగు 'గల' యను రూపము: ధనవంతుఁడు, ధనముగలవాఁడు, శృంగి, కొమ్ములుగలది.

ఉర్దూసాక్ష్యము

ఏర్గట్ల మొదలగు గ్రామములు నిజాము రాజ్యములో నున్న కాలమున నచ్చటి పాఠశాలలలో నుర్దూ ప్రధానమైన బోధనభాష. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము నుర్దూమాధ్యమమునే గైకొనెను. ఆ తరమువారి కింట తెలుఁగు, బడిలో నుర్దూ, ఇంగ్లీషు మూఁడవభాష. ఉర్దూలోను 'హావ్'నకు సరియైన క్రియ లేదు. 'మేరే దో భాయీ హైఁ' అని బంధుత్వమునకు సంబంధరూపము. 'మేరే పాస్ కితాబ్ హై' అని చేతనున్నదానికి సామీప్యరూపము. 'ముఝే బుఖార్ హై' అని యవస్థకు సంప్రదానరూపము. 'కమరే మేఁ తీన్ దర్వాజే హైఁ' అని యాధారమున కధికరణరూపము. 'మేరే పాస్' అనునదియు నేర్గట్ల వ్యవహారములోని 'నా తాన' యనునదియు నొకే కొలతవి.

ఇది మన దేశమునకే పరిమితముగాదు. లాటినున సంప్రదానవిభక్తితో 'నాకుఁ గొడుకు కలఁడు' అను రీతి వాక్యము 'హాబేఓ'తోడి వాక్యమునకుఁ బ్రక్కనే చెల్లుచుండెను. రష్యను భాషలో నేఁటికిని 'నావద్ద నున్నది' యనుటయే సామాన్యమార్గము. అరబీయందును విభక్తిస్థానీయములైన యవ్యయములచేతనే యీ యర్థము సిద్ధించును. కావున 'హావ్' వంటి క్రియ లేకుండుట తెలుఁగునకు లోపముగాదు. అట్టి లోపమున్నదని తలంచి దానిని 'కలిగియుండు'చేఁ బూడ్పఁజూచుటయే భ్రమ.

పూర్వపక్షము, సమాధానము

'కలిగియుండు' అనునది ప్రాచీనప్రయోగమే కదా, దానికి దోష మేల యని శంక. 'భక్తి కలిగియుండుము', 'ధనము కలిగియున్నవాఁడు' అను రీతి ప్రయోగములు శిష్టసమ్మతములే. అయిన నందు భక్తి, ధనము అను శబ్దములు ప్రథమాంతములు. భక్తి కలుగఁగా నీ వుండుమని తాత్పర్యము. 'కలిగి' యనుదానికి భక్తి కర్త. 'ఉండుము' అనుదానికి నీవు కర్త. క్త్వార్థకమున రెండు క్రియలకును నొక్కఁడే కర్త కావలయునని సంస్కృతమర్యాద. తెలుఁగున 'వాన కురిసి చేను పండెను' అను తావుల భిన్నకర్తృకత్వమును లోకము సహించుచున్నది. ఇదియు నట్టిదే.

దోషము 'కలిగియుండు' అనుటలో లేదు. దానికి ముందు ద్వితీయావిభక్తిని జేర్చుటలో నున్నది. 'సోదరులను కలిగియున్నాఁడు', 'ఈ గది మూఁడు తలుపులను కలిగియున్నది' అనునప్పు డకర్మకమగు 'కలుగు'నకుఁ గర్మమును గట్టిపెట్టినట్లయినది. ఇది యింగ్లీషుపొందికను దెలుఁగుపదములతో నింపుట. ఇట్టి వాక్యములు పాఠ్యపుస్తకములలోను ప్రశ్నపత్రములలోను జొరఁబడినవి. 'గదికి మూఁడు తలుపులున్నవి' అను నాలుగేండ్ల బిడ్డ మాటను బడి తప్పుగా దిద్దినట్లగుచున్నది. పండితు లుపేక్షింపరాని స్థలమిది.

రూపమున సకర్మకము, అర్థమున సత్త

ఇఁక 'హావ్' స్వభావమును దరచి చూతము. రూపమున నిది సకర్మకము. సకర్మకక్రియలకుఁ గర్మణిప్రయోగ ముండును. 'ఐ రైట్ ఎ బుక్' అనుదానికి 'ఎ బుక్ ఈజ్ రిటెన్ బై మీ' యని మార్పు చెల్లును. 'ఐ హావ్ ఎ బుక్' అనుదానికి 'ఎ బుక్ ఈజ్ హాడ్ బై మీ' యని మార్పు చెల్లదు. జరుగుచున్నపనిఁ దెలుపు 'ఇంగ్'రూపమును స్వామ్యార్థమునఁ జెల్లదు. 'ఐ యామ్ హావింగ్ ఎ సిస్టర్' అనరాదు. అనఁగా వేషము సకర్మకమైనను లోపలి యర్థము సత్తయే. ఇంగ్లీషుభాష తాను దాఁచిన యర్థమును దెలుఁగు బయలుపఱచుచున్నది.

అయితే 'హి ఈజ్ హావింగ్ హిజ్ డిన్నర్' అనుట సాధువేకదా యని శంక. సాధువే. అచ్చట 'హావ్'నకు భోజనము చేయుట యర్థము. 'హావ్ ఎ బాత్' అనఁగా స్నానము చేయుట. 'హావ్ టీ' యనఁగా తేనీరు త్రాగుట. 'హావ్ ఎ టాక్' అనఁగా మాటలాడుట. ఇవి వ్యాపారార్థములు. కాఁబట్టి బాలునకుఁ జెప్పవలసిన సూత్ర మిది: 'హావ్' ఉన్న వాక్యమును మొదట నింటి తెలుఁగున ననుకొనవలయును, తెలుఁగున 'ఉన్నది, ఉన్నాఁడు, ఉన్నవి' యని వచ్చినచో 'ఇంగ్'రూపము వలదు, 'తినుచున్నాఁడు, త్రాగుచున్నాఁడు, చేయుచున్నాఁడు' అని పని తోఁచినచో నా రూపము చెల్లును. 'నాకు సందేహమున్నది' - 'ఐ హావ్ ఎ డౌట్'. 'అన్న బువ్వ తింటున్నడు' - 'మై బ్రదర్ ఈజ్ హావింగ్ హిజ్ మీల్'. పరీక్ష తెలుఁగుది, ఫలము ఇంగ్లీషుది.

జ్వరమువిషయమున నొక్క జాగ్రత్త కావలయును. తెలుఁగున జ్వరము వచ్చును. ఇంగ్లీషున 'ఐ హావ్ ఎ ఫీవర్' అని యుండుటగాఁ జెప్పుదురు. 'ఫీవర్ కేమ్ టు మీ' యనుట తెలుఁగును మక్కికి మక్కి దించుట. 'నాకు జ్వరమున్నది' యను రూపమును ముందు నిలిపి పిదప దానిని మార్పవలయును.

లేమిని దెలుపునప్పుడు తెలుఁగునకు 'లేదు' ఒక్కటి చాలును. అదియు 'లేఁడు, లేరు, లేవు' అని సొత్తు ననుసరించును. ఇంగ్లీషున 'ఐ హావ్ నో మనీ', 'ఐ డు నాట్ హావ్ మనీ', 'ఐ హావ్‌న్ట్ గాట్ ఎనీ మనీ' యని మూఁడు విధములు. ప్రశ్నయందు 'హావ్ యూ ఎ పెన్' అనునది పాతరీతి. నేఁడు 'డు యూ హావ్ ఎ పెన్' అనునదే వ్యాప్తము.

సహాయక్రియగా హావ్

'హావ్' సహాయక్రియ యగుటయుఁ బూర్వార్థమునుండియే. 'ఐ హావ్ ది లెటర్ రిటెన్' అనఁగా వ్రాయఁబడిన యుత్తరము నాకుఁ గలదని మొదటి తాత్పర్యము. కాలక్రమమునఁ బదముల వరుస మాఱి 'ఐ హావ్ రిటెన్ ది లెటర్' అయ్యెను. వ్రాసియున్నానని యర్థము స్థిరపడెను. సంస్కృతజ్ఞుల కిది క్రొత్తది గాదు. 'కృతవాన్' అను రూపమును బాణిని క్తవతుప్రత్యయముచే సాధించెను. చారిత్రకదృష్టిచేఁ జూచిన నాధునికు లందు 'కృత'శబ్దముపై స్వామ్యార్థకమైన 'వత్' చేరినదని చెప్పుదురు. చేయఁబడినది గలవాఁడు, అనఁగాఁ జేసినవాఁడు. రెండు భాషలును వేర్వేఱుగా నడచి యొక్క యూహనే పొందినవి. తెలుఁ గిచ్చటను 'ఉండు' ధాతువునే వాడి 'వ్రాసియున్నాను' అనుచున్నది.

ఈ రూపమునఁ దెలుఁగుబాలునకుఁ గలుగు దోషము కాలవాచకమునుబట్టి. బోధనులో 1937లో నెలకొల్పఁబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూఁతపడెను. తెలుఁగున '2015లో మూఁతపడియున్నది' యన్నను శ్రోతలు సహింతురు. ఇంగ్లీషున సంవత్సరము చెప్పినప్పుడు 'ది ఫ్యాక్టరీ క్లోజ్డ్ ఇన్ 2015' అనియే యనవలయును. 'హాజ్ క్లోజ్డ్ ఇన్ 2015' అనరాదు. 'హాజ్' వర్తమానరూపము గనుక గడచిపోయిన నిర్దిష్టకాలముతోఁ బొసఁగదు. కాలమును జెప్పక ఫలమునే తెలుపునప్పుడు 'హాజ్ క్లోజ్డ్' సాధువు. 'నిన్న చూచియున్నాను' అను తలంపుతో 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' యని వ్రాయుటయు నిట్టి దోషమే.

దీనికి విపరీతమైన దోష మింకొకటి. 'పదేండ్లనుండి బోధనులో నున్నాను' అనుచోఁ దెలుఁగున వర్తమానము చాలును. ఇంగ్లీషున 'ఐ యామ్ ఇన్ బోధన్ సిన్స్ టెన్ యియర్స్' అనుట తప్పు. 'ఐ హావ్ బీన్ ఇన్ బోధన్ ఫర్ టెన్ యియర్స్' అనుట యొప్పు. తెలుఁగున 'నుండి' యున్నచోటఁ బరిమాణము చెప్పిన 'ఫర్', ఆరంభకాలము చెప్పిన 'సిన్స్' అని విడఁదీసి నేర్పవలయును.

'హావ్ టు' అనునది విధ్యర్థము. 'నేను నిజామాబాదు పోవలసియున్నది' యనుచోఁ దెలుఁగుక్రియ 'నేను'ను విడిచి యమహదేకవచనమున నిలుచును. 'మయా గంతవ్యమ్' అను భావేప్రయోగ మిట్టిది. ఇంగ్లీషున 'ఐ హావ్ టు గో', 'హి హాజ్ టు గో' యని కర్త ననుసరించును. నిషేధమున మిక్కిలి మెలఁకువ వలయును. 'యూ డోంట్ హావ్ టు గో' అనఁగాఁ బోనక్కఱలేదని. 'యూ మస్ట్ నాట్ గో' అనఁగాఁ బోఁగూడదని. మొదటిది యక్కఱ లేకుండుట, రెండవది నిషేధము.

ప్రేరణార్థము కడపటిది. మంజీరానదిపై నిజాంసాగరము 1923లో నారంభమై 1931లో ముగిసెను. అలీ నవాజ్ జంగు దానికిఁ బ్రధానశిల్పి. కట్టించినది నిజాముప్రభుత్వము. దీని నింగ్లీషున 'ది నిజామ్ హాడ్ ది డ్యామ్ బిల్ట్' అందురు. అవే పదములను 'ది నిజామ్ హాడ్ బిల్ట్ ది డ్యామ్' అని వరుస మార్చినచో నంతకుమున్నే కట్టియుండెనని యర్థము మాఱును. తెలుఁగున 'కట్టించెను', 'కట్టియుండెను' అను రూపభేద మీ పనిని జేయుచున్నది. ఇంగ్లీషున వరుసయే ప్రత్యయము. 'ఇంచు'క్ ప్రత్యయ మెఱిఁగిన బాలునకు నీ భేదమును జెప్పుట సులభము.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పినదానిసారము. 'హావ్'నకుఁ దెలుఁగున నొక్క క్రియ లేదు; నాలుగు తెన్నులున్నవి. ఉనికి తోఁచినచోట 'కు, వద్ద, లో' అనువానితో 'ఉన్నది, కలదు' అనునవి. పని తోఁచినచోట నా పనినిఁ దెలుపు క్రియలు. జరిగిన పని ఫలము నిలిచినచోట 'చేసియుండు' రూపము. అక్కఱయందు 'వలసి' రూపము, చేయించుటయందు 'ఇంచు' రూపము. ఈ క్రమముననే పాఠము చెప్పుట మేలు. మొదటి దినమున 'హావ్ అనఁగాఁ గలిగియుండు' అని వల్లింపక, 'నాకున్నది, నావద్దనున్నది, దానికున్నది, అందులోనున్నది' యను నాలుగు వాక్యములను బాలునిచేతనే పలికించి వాని కెదుట నింగ్లీషువాక్యములను నిలుపవలయును.

తెలుఁగువ్యాకరణము నేర్పు పండితుఁడును, ఇంగ్లీషు నేర్పు నుపాధ్యాయుఁడును నొకే పాఠశాలలో నుండియు నొకరి పని నొకరెఱుఁగకుండుట నేఁటి వాడుక. ఏర్గట్ల బాలుఁడు 'నా తాన పైసలున్నయి' యన్నప్పుడు షష్ఠ్యధికరణభేదమును దా నెఱుఁగకయే పాటించుచున్నాఁడు. ఆ యెఱుకను జెఱుపక దానిమీఁదనే యింగ్లీషును నిలుపుట యుపాధ్యాయధర్మము. పండితు లీ మార్గమున 'డు', 'గెట్', 'టేక్' మొదలగు తక్కిన సామాన్యక్రియలను గూడఁ బరిశీలింతురుగాక.